రెండు ట్యాపులూ ఉంచండి, కింద ఉన్నదంతా పీకేయండి: పాత ట్రయంఫ్ పెట్రోల్ లైను సంగతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బ్రిటన్‌లోని కోవెంట్రీలో ఉంటున్నారు, 1970 ట్రయంఫ్ బోనెవిల్ టి120 కొన్నారు. ట్యాంకు కింద కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, మొత్తం రెండు పెట్రోల్ ట్యాపులు. వాటి కింద పాత ఓనరు కట్టిన పైపులు, మూడు టీ జాయింట్లు, రెండు పేపర్ ఫిల్టర్లు, మధ్యలో ఎందుకుందో తెలియని ఇంకో చిన్న ట్యాపు. ఎప్పుడు చూసినా ఏదో ఒక జాయింటు దగ్గర తడి. "కుడి ట్యాపు పీకేసి ఆ కన్నం మూసేస్తాను, ఎడమదాన్నుంచే రెండు కార్బ్యురేటర్లకూ ఇస్తాను. మా నాన్నగారి యెజ్డీకి ఒకటే ఉండేది కదా, దీనికెందుకు సరిపోదు?" అని అడిగారు. చివర్లో వ్యాక్యూమ్ ట్యాపు, అంటే ఇంజిన్ ఆగితే తనంతట తానే మూసుకునేది, పెట్టొచ్చా అని కూడా అడిగారు.

సరిపోదండీ. ఆ బండిలో అనవసరమైన సరుకు చాలానే ఉంది, కానీ రెండో ట్యాపు అందులోది కాదు. రెండు ట్యాపులూ ఉంచి, వాటి కిందున్నదంతా తీసేయండి. తేలిక చేయాల్సింది జాయింట్లను.

ట్యాంకు దించి, ఖాళీ చేసి, బోర్లా పెట్టి చూడండి. ఫ్రేము పైగొట్టం పట్టడానికి మధ్యలో ముందు నుంచి వెనక దాకా సొరంగంలా లోపలికి నొక్కి ఉంటుంది. దానికి అటూ ఇటూ కావడి కుండల్లా రెండు గుంటలు. పెట్రోలు నిండుగా ఉన్నంతసేపు అది ఒకటే ట్యాంకు. మట్టం సొరంగం కప్పు కిందికి దిగిన క్షణం నుంచి అవి రెండు వేరు వేరు ట్యాంకులు. కుడి గుంటలో ఉన్నది ఎడమ గుంటలోకి తనంతట తాను రాదు. మలుపుల్లో, గుంతల్లో కాస్త ఎగిరి దూకితే దూకుతుంది, దాన్ని నమ్ముకుని ప్రయాణం చేయలేం. కాబట్టి కుడివైపు కన్నం మూసేస్తే, ట్యాంకులో పెట్రోలు ఉండగానే బండి ఆగిపోతుంది. చేతక్ స్కూటర్‌ను పక్కకు వంచి నాలుగు చుక్కలు రాబట్టిన తరం మనది. 170 కిలోలకు పైనున్న బండిని మోటార్‌వే పక్కన లారీలు దూసుకుపోతుంటే వంచడం అంత సరదాగా ఉండదు.

మరి ఒకే ట్యాపున్న బండ్లు ఎలా నడుస్తున్నాయి? కొన్నిటికి సొరంగం లోతు తక్కువ, అటుపక్క చిక్కుకుపోయేది కొద్దిగానే ఉంటుంది. కొన్నిటికి రెండు గుంటల అడుగుల్నీ కలుపుతూ ఒక బ్యాలెన్స్ పైపు ఉంటుంది. మీ బండికీ అలా చేయొచ్చు: కుడి కన్నంలో ట్యాపు బదులు వట్టి గొట్టం బిగించి, అక్కణ్ణుంచి ఎడమకు పైపు లాగడం. కొందరు చేశారు కూడా. నాకు నచ్చదు. ఆ గొట్టానికి మూత ఉండదు, అంటే ట్యాంకు దించాలన్నప్పుడల్లా మొత్తం పెట్రోలు వంపేయాలి. ఈ బండికి ట్యాంకు దించే పని తరచుగా పడుతుంది. ఇంజిన్ తల మీదుండే రాకర్ బాక్సుల (వాల్వులను కదిలించే భాగాల పెట్టెలు) దగ్గర ఏ పని ఉన్నా ముందు ట్యాంకు తీయాల్సిందే. రెండు పక్కలా ట్యాపులుంటే రెండూ కట్టేసి, పైపులు లాగేసి, పెట్రోలుతో సహా ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. ఒక ట్యాపు తగ్గించానన్న తృప్తి కోసం ఆ సౌకర్యం వదులుకోవడం దండగ.

ఇప్పుడు రిజర్వు సంగతి. బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్ మీద పెరిగినవాళ్లకు రిజర్వు అంటే ట్యాపు లోపలుండే పొడుగు గొట్టం. ఆ గొట్టం పైఅంచు దాకా పెట్రోలు దిగితే బండి దగ్గుతుంది, మీట తిప్పితే అడుగు కన్నం నుంచి మిగిలింది వస్తుంది. ట్రయంఫ్ వాళ్లు కూడా ఒకపక్క ట్యాపుకు ఆ పొడుగు గొట్టం ఇచ్చారు. మీ బండిలో అది ఏ పక్కన ఉండాలో ఏ బొమ్మలోనూ చూసి నమ్మకండి. 50 ఏళ్లకు పైగా ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏది ఎటు బిగించారో విప్పి చూస్తేనే తెలుస్తుంది.

అసలు ఈ ట్యాంకుకు పొడుగు గొట్టం అవసరమే లేదు. రెండు పక్కలా గొట్టం లేని, పొట్టి జాలీ మాత్రమే ఉన్న సాదా ఆన్-ఆఫ్ ట్యాపులు పెట్టండి. ఎప్పుడూ ఒకపక్కదే తెరిచి నడపండి, ఎడమది అనుకుందాం. మట్టం సొరంగం కప్పు కిందికి దిగాక ఎడమ గుంట మాత్రమే ఖాళీ అవుతుంది. అది అయిపోయి బండి దగ్గినప్పుడు కుడిది తెరవండి. కుడి గుంటలో ఉన్నదంతా మీ రిజర్వే. ఇదే చోట పొడుగు గొట్టమున్న మెయిన్ ట్యాపు ఉందనుకోండి, ఆ పక్క గొట్టం అంచు కిందున్న పెట్రోలు ఎవరికీ అందకుండా అక్కడే ఉండిపోతుంది. దాని వల్ల లాభం ఏమీ లేదు, కొంత నష్టమే.

రెండూ ఎప్పుడూ తెరిచి ఉంచి నడిపేవాళ్లను చూస్తుంటాను. ప్రవాహానికి అది మంచిదే, కానీ రిజర్వు ఉండదు. దగ్గిందంటే అంతే, తోసుకోవడమే.

మీ రిజర్వు ఎంతో తెలుసుకోవడానికి చిన్న పని ఉంది. బండిని సెంటర్ స్టాండు మీద నిటారుగా నిలపండి. సొరంగం కప్పు మునిగేదాకా పెట్రోలు పోయండి. ఎడమ ట్యాపు పైపును డబ్బాలో పెట్టి, ధార ఆగేదాకా వదలండి. ఆ తర్వాత కుడి ట్యాపు తెరిచి, వచ్చినదాన్ని విడిగా కొలజగ్గులోకి పట్టండి. జగ్గులో పడిందే మీ రిజర్వు. దాన్ని మీ మైలేజీతో హెచ్చవేసి, అందులో మూడో వంతు కొట్టేసి మిగిలింది గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో అమ్మిన బండ్లకు సుమారు 18 లీటర్ల పెద్ద ట్యాంకు, అమెరికాకు పంపినవాటికి చిన్న ట్యాంకు ఉండేవి. ఈమధ్య అమెరికా నుంచి తిరిగొచ్చిన బండ్లు చాలా ఉన్నాయి. ట్యాంకు ఏదో తెలియకుండా వేరేవాళ్లు చెప్పిన లెక్క పట్టుకుంటే దారిలో ఇబ్బంది పడతారు.

ఒక తిరకాసు చెప్పాలి. సైడ్ స్టాండు ఎడమవైపు ఉంటుంది కదా. పెట్రోలు తక్కువున్నప్పుడు సైడ్ స్టాండు మీద వాల్చి టీ తాగి వచ్చేసరికి, కుడి గుంటలోది కొంత సొరంగం మీదుగా ఎడమకు జారి ఉండొచ్చు. ఎడమ ట్యాపు మీద నడుపుతుంటే బండి హాయిగా ఇంకొంత దూరం పోతుంది, మీరు సంతోషిస్తారు. రిజర్వు మాత్రం ఆ మేరకు తరిగిపోయింది. అదే కుడి ట్యాపు మీద నడుపుతుంటే, టీ తాగాక ముందుకన్నా త్వరగా దగ్గుతుంది, రిజర్వు పెరిగి ఉంటుంది. అందుకే నా ఓటు కుడివైపు ట్యాపును మెయిన్‌గా వాడడానికి, ఎడమను రిజర్వుగా ఉంచడానికి. అలా చేస్తే పైన చెప్పిన కొలతలోనూ కుడి, ఎడమ తారుమారు చేసుకోండి. వాలినప్పుడు జారేది రిజర్వు వైపే జారుతుంది.

ట్యాపు కింద పైపులు ఎలా ఉండాలి? కుడి ట్యాపు నుంచి కుడి కార్బ్యురేటర్‌కు ఒక పైపు, ఎడమ నుంచి ఎడమకు ఒకటి, రెండింటినీ కలుపుతూ ఒక అడ్డపైపు. అంతే. ఆ అడ్డపైపు మాత్రం తప్పనిసరి. అది లేకపోతే ఒక ట్యాపు తెరిస్తే ఒక సిలిండర్‌కే పెట్రోలు అందుతుంది. ప్రతి పైపులో ఒక టీ పెట్టి కలపొచ్చు. లేదా కార్బ్యురేటర్ కింద బోల్టుతో బిగించే, పైపు తగిలించే ముక్కున్న జాయింటు ఉంటుంది, దాన్ని బాంజో అంటారు. రెండు ముక్కులున్న బాంజో దొరుకుతుంది, అది పెడితే టీలు కూడా అక్కర్లేదు. మూడు టీలు, రెండు ఫిల్టర్లు, ఒక దొంగ ట్యాపు ఉన్నచోట బాంజోల నాలుగు ముక్కులు, మూడు పైపులు మిగులుతాయి. జాయింటు తగ్గితే కారే చోటు తగ్గినట్టే.

ఒక్క ట్యాపు రెండు కార్బ్యురేటర్లకు చాలినంత పెట్రోలు ఇవ్వగలదా అన్నది మీరు అడగలేదు, అడగాల్సింది. లెక్క వేద్దాం. మీరు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వాయించుకుంటూ పోతున్నారు, లీటరుకు 10 కిలోమీటర్లే ఇస్తోంది అనుకుందాం. మామూలుగా ఇంతకన్నా బాగానే ఇస్తుంది, కానీ చెడ్డ లెక్కే వేద్దాం. గంటకు 12 లీటర్లు, అంటే నిమిషానికి 200 మిల్లీలీటర్లు. దానికి రెట్టింపు, నిమిషానికి 400 మిల్లీలీటర్లు వస్తే ఏ దిగులూ ఉండదు. కొలిచేది ట్యాపు ముక్కు దగ్గర కాదు. పైపును బాంజో నుంచి ఊడదీసి, ఆ చివరను కార్బ్యురేటర్ ఉన్న ఎత్తులోనే పట్టుకుని కొలవాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు కొలవాలి. ట్యాంకు మూత బిగించి కొలవాలి.

మూత ఎందుకంటే, సగం మంది ట్యాపు పోయిందని తెచ్చే బండ్లలో పోయింది మూతలోని గాలి రంధ్రం. ధార మొదట బలంగా వచ్చి క్రమంగా సన్నబడి, మూత తీయగానే బుస్సుమని మళ్లీ ఊపందుకుంటే ట్యాపుల మీద డబ్బు తగలేయకండి. మూతను పెట్రోల్లో నానబెట్టి, రంధ్రంలోకి గాలి కొట్టండి.

ఆ పేపర్ ఫిల్టర్లు రెండూ తీసి పారేయండి. అవి పంపు నెట్టే పెట్రోలు కోసం చేసినవి. మన ట్యాంకు నుంచి కార్బ్యురేటర్‌కు ఉన్న ఎత్తు ఒక జానెడు. ఆ కాస్త బరువుతో పెట్రోలు పేపరును దాటి పోవాలంటే కష్టం, పైగా లోపల గాలి బుడగ నిలిచిపోయి మహా విసిగిస్తుంది. ట్యాపు మీది ఇత్తడి జాలీ, 1967 ప్రాంతం నుంచి వచ్చిన అమాల్ కాన్‌సెంట్రిక్ కార్బ్యురేటర్ బాంజో లోపలుండే నైలాన్ జాలీ, ఈ రెండూ చాలు. ఇంకా ఫిల్టర్ కావాలనిపిస్తోందంటే మీ ట్యాంకు లోపల తుప్పు రాలుతోందన్నమాట. ముందు ఆ పని చూడాలి.

ఇక ట్యాపుల ఎంపిక. మీ బండికి ప్రస్తుతం ఉన్నవి లాగి-నొక్కే రకమని ఫొటోలో కనిపిస్తోంది. వాటి లోపల సీలు బిరడాతో చేసింది. పెట్రోల్లో తడిగా ఉన్నంతకాలం బిరడా ఉబ్బి బాగా పట్టుకుంటుంది. చలికాలమంతా ట్యాంకు ఖాళీగా పెడితే ఎండి కుదించుకుపోయి, వసంతంలో పెట్రోలు పోయగానే బొటబొటా కారుతుంది. వేడినీళ్లలో నానబెడితే మళ్లీ ఉబ్బుతుంది, పాతకాపులు చేసేది అదే. అచ్చం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనుకునేవాళ్లు అవే ఉంచుకోవచ్చు. మీకు కావాల్సింది తడి లేని గ్యారేజీ కాబట్టి మీటతో తిరిగే కొత్తరకం కొనండి. ఆటోజంబుల్ అనే పాత బండి భాగాల సంతలో రెండు పౌండ్లకు దొరికే పాత ట్యాపు జోలికి మాత్రం పోకండి. అది ఎందుకు అమ్మకానికి వచ్చిందో ఆలోచించండి.

కొనేముందు మరలు చూసుకోండి, ఇక్కడే ఎక్కువమంది ట్యాంకు పాడుచేసుకుంటారు. బోనెవిల్ ట్యాంకుకు ఉండేది పావు అంగుళం బీఎస్పీ (బ్రిటిష్ పైపు కొలత) మర. పేరులో పావు అంగుళమని ఉన్నా బయటి కొలత 13.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంగుళానికి 19 చుట్లు. అమెరికాలో వాడే పావు అంగుళం ఎన్పీటీ చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ దానికి అంగుళానికి 18 చుట్లు, పైగా కొసకు పోనుపోను సన్నబడే మర. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ముద్దుగా ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది. "కొత్తది కదా, బిగుతుగా ఉంది" అనుకుని పానా వేశారంటే ట్యాపు ఎక్కే ట్యాంకు బుడిపెలో మర పోయినట్టే. ఆ బుడిపెను పల్చటి రేకుకు అతికించి ఉంటారు, దాన్ని బాగుచేయడం చిన్న ఖర్చుతో పోదు. కొత్త ట్యాపు చివరిదాకా వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే ఆపేయండి.

మన మర తిన్నని మర కాబట్టి పెట్రోలును ఆపేది మర కాదు, వాషరు. ప్లంబర్ తెల్ల టేపు చుట్టకండి. టేపు పెట్రోలును ఆపదు, దాని పీలికలు మాత్రం ఊడి నేరుగా కార్బ్యురేటర్ జెట్టులో, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో కూర్చుంటాయి. డౌటీ వాషర్లని అడగండి, ఇనుప చక్రం లోపలి అంచుకు రబ్బరు అతికించి ఉంటుంది. పెట్రోలుకు బాగా తట్టుకునే విటాన్ రబ్బరువి దొరికితే అవి తీసుకోండి. బుడిపె అంచు శుభ్రంగా, నున్నగా ఉంటే ఆ వాషరుకు పెద్ద బలం అక్కర్లేదు. రబ్బరు నొక్కుకుని ఇనుము తగిలిన చోట ఆపేయాలి. అప్పుడు వచ్చే చిక్కు ఏంటంటే, ట్యాపు బిగిసేసరికి మీట ఎటో తిరిగి ఉంటుంది, ఒక్కోసారి ట్యాంకు వైపుకే. దాన్ని సరిచేయడానికి ఇంకో అరచుట్టు బిగించకండి. విడి నట్టుతో బిగించే ట్యాపులు ఉంటాయి, వాటిని కావాల్సిన వైపుకు తిప్పుకుని నట్టు బిగించొచ్చు. కాస్త ధర ఎక్కువైనా అవే తీసుకోండి.

పైపులకు లోపలి కొలత 6 మిల్లీమీటర్లు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు అందంగా కనిపిస్తుంది, ఏడాదిలో పసుపెక్కి కర్రలా గట్టిపడి ముక్కు దగ్గర చిట్లుతుంది. ఇథనాల్‌కు తట్టుకునేదని రాసి ఉన్న రబ్బరు పైపు కొనండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసినది. ఈ5 కావాలంటే ఖరీదైన సూపర్ గ్రేడు పోయించుకోవాలి, పాత బండికి అది పోయించుకోవడమే మేలు. ఇది చదువుతున్న మన ఊళ్ల వాళ్లకు ఇంకా ముఖ్యం, అక్కడ బంకుల్లో ఇప్పుడు ఈ20 వచ్చేసింది. పాత రబ్బరు ఉబ్బుతుంది, ట్యాంకు లోపల ఎవరైనా పూత పూసి ఉంటే అది మెత్తబడి పొరలుగా ఊడి జాలీకి అడ్డం పడుతుంది. నీళ్లు కలిస్తే ఇథనాల్ ఆ నీళ్లతో పాటు అడుక్కు దిగుతుంది. అందుకే ట్యాపు జాలీ మరీ అడుగుకు ఆనకుండా కాస్త పైకి ఉండడం మంచిది.

పైపు ట్యాపు నుంచి కార్బ్యురేటర్ దాకా దిగుతూనే పోవాలి. మధ్యలో ఎక్కడా ఎగుడు ఉండకూడదు, ఉంటే అక్కడ ఆవిరి నిలుస్తుంది. సిలిండర్ రెక్కలకు తగలకూడదు. పొడుగు సరిచూసుకునేటప్పుడు ట్యాంకును దాని చోట కూర్చోబెట్టే కొలవండి, బల్ల మీద కొలిచి కోస్తే ఎప్పుడూ తేడా వస్తుంది. బాంజో బోల్టు ఎక్కేది కార్బ్యురేటర్ గిన్నెలోకి, ఆ లోహం మెత్తన. దానికి రెండు పక్కలా కొత్త ఫైబర్ వాషర్లు వేసి, పొట్టి పానాతో మణికట్టు బలం మాత్రమే వాడండి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఇక్కడి ఇళ్లలో గ్యారేజీలోనే గ్యాస్ బాయిలర్ ఉండడం మామూలు. మీ ఇంట్లోనూ అలాగే ఉంటే బండిని బయటికి తోసుకెళ్లి పని చేయండి. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతూ పోతుంది, ఎంత దూరమో మీకు కనిపించదు.

అంతా బిగించాక ముందు అరలీటరే పోయండి. ట్యాపులు కట్టి ఉంచి కాసేపు ఆగి, ప్రతి జాయింటు కింద టిష్యూ పేపరుతో అద్ది చూడండి, వేలికి తెలియని తడి పేపరుకు తెలుస్తుంది. తర్వాత ట్యాపులు తెరిచి మళ్లీ చూడండి. ఇప్పుడు తడి కార్బ్యురేటర్ టిక్లర్ (స్టార్ట్ చేసేముందు నొక్కే చిన్న బొత్తాం) దగ్గర కనిపిస్తే తప్పు ట్యాపుది కాదు, గిన్నె నిండగానే పెట్రోలును ఆపాల్సిన ఫ్లోట్ సూదిది. అది వేరే పని. అది బాగయ్యేదాకానే కాదు, బాగయ్యాక కూడా బండి ఆపిన ప్రతిసారీ ట్యాపు కట్టేయండి. సూది ఒక్క రాత్రి సరిగా కూర్చోకపోతే పెట్రోలు నేల మీదికే వస్తుందని గ్యారంటీ లేదు, ఒక్కోసారి సిలిండర్‌లోకి దిగి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది.

వ్యాక్యూమ్ ట్యాపు ఆలోచన కూడా ఇక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది, కట్టడం మర్చిపోతాననే టెన్షన్. జపాన్ బండ్లలో అది బాగా పనిచేసింది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఇన్‌టేక్‌లో పుట్టే పీల్పుతో లోపలి పొర తెరుచుకుంటుంది, ఇంజిన్ ఆగితే మూసుకుంటుంది. మీ బండికి అది పెట్టాలంటే ఇన్‌టేక్‌కు కొత్తగా కన్నం వేసి, ముక్కు బిగించి, ఇంకో పైపు లాగాలి. ఆ పైపు వదులైతే ఆ సిలిండర్‌లోకి గాలి దూరి మిశ్రమం పల్చబడుతుంది. పొర చిరిగితే అదే పైపులోంచి పెట్రోలు నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. యమహా ఎక్స్ఎస్650 ఓనర్లు పాతబడిన వ్యాక్యూమ్ ట్యాపులు తీసేసి చేతి ట్యాపులు పెట్టుకుంటున్నారు. మీరు ఎదురు దిశలో వెళ్లకండి. ఆ డబ్బుతో రెండు మంచి మీట ట్యాపులు, నాలుగు డౌటీ వాషర్లు, ఒక మీటరు పైపు వస్తాయి. ఆర్డర్ పెట్టేముందు రెండు ట్యాంకు బుడిపెల ఫొటోలు, వెర్నియర్‌తో కొలిచిన మర కొలత ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.